నవ్వకుండా అన్న మాట

పోయిన వారం కేశవరావుని గరాజ్‌లో, తెరిచిన డిక్కీ ముందు, నోరు వెళ్ళబెట్టి నిలబడి ఉండగా వదిలేశాం. పాపం, ఆయన అక్కడికి వెళ్ళింది స్క్రూడ్రైవర్ కోసం. కోడలి కారులో ఉంటుందేమోనని డిక్కీ తెరిస్తే ముదురు నీలం రంగు సూట్‌కేసు కనిపించింది. తాళం వేసి ఉంది. ఎత్తి చూస్తే బరువుగా ఉంది. వెనక్కి తిరిగేసరికి కోడలు హర్షిణి నిలబడి ఉంది.

"పారిపోతున్నాను మామయ్యగారూ. ఎవరికీ చెప్పకండి," అంది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. డిక్కీ మూసేసి, "టీ పెట్టమంటారా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట హాస్యమో నిజమో తేల్చుకోలేక కేశవరావుకి ఆ వారమంతా అన్నం సహించలేదు. తేల్చుకోకపోతే కుదరదు కూడా. గురువారం ఇమిగ్రేషన్ ఇంటర్వ్యూ. కొడుకు విష్ణు ఇక్కడే, కెనడాలోనే పుట్టి పెరిగిన కుర్రాడు. హర్షిణి విజయనగరం పిల్ల. ఇంగ్లండులో, లీడ్స్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఏడేళ్ళు పనిచేసింది. ఏడాది పాటు ఆఫీసు పని మీద అక్కడికి వెళ్ళిన విష్ణుని చేసుకుని గ్వెల్ఫ్ వచ్చింది. ఈ పెళ్ళి నిజమైన పెళ్ళేనని ఆఫీసరు నమ్మితేనే ఆమెకి పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు. నమ్మకపోతే వచ్చిన దారినే వెనక్కి. ఒకే కప్పు కింద ఉంటున్న అత్తమామలు కూడా వచ్చి ఒక మాట చెబితే మంచిదని లాయరు సలహా ఇచ్చాడు. ఆ ఒక్క మాటే ఇప్పుడు కేశవరావు గొంతుకి అడ్డం పడింది.

"అంటే గురువారం మీరు రారన్నమాట," శనివారం ఉదయం భార్య కాంతం దోసె తిరగేస్తూ అడిగింది.

"నాకే నమ్మకం లేనిదానికి నేను సాక్ష్యం చెప్పలేను."

"సూట్‌కేసు చూసి ఇంత బెంగా? అది వెటకారమండీ బాబూ! మా అమలాపురంలో పాలుపోసేవాడు అంతకన్నా బాగా వెటకారమాడతాడు. పారిపోతున్నానంటే, దారిలో తినడానికి పులిహోర కట్టమంటావా అని అడగాలి. మీకంత చేతనైతే కదా!"

"నువ్వడుగు. మీ ఊరూ వాళ్ళ ఇంగ్లండూ ఒకటే గదా."

కేశవరావుది ప్రొద్దుటూరు. ఆకలేస్తే ఆకలనీ, కోపమొస్తే కోపమనీ చెప్పే మనిషి. కాంతాన్ని చేసుకున్న నాటినుంచీ ఆ గోదావరి వెటకారానికి బలవుతూనే ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో, తను వండిన చారు ఎలా ఉందని ఆయన అడిగితే, "ఆయ్, మా ఊళ్ళో అయితే కాళ్ళు కడుక్కోడానికి ఇస్తామండీ" అంది. అది ప్రేమగా అన్న మాటేనని తెలియడానికి ఆయనకి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ సందేహమే.

"అదీగాక కోడలు మామతో పరాచికాలాడటం ఏంటే?" అన్నాడు. "మనకీ ఒక పద్ధతుంది. బావతో ఆడచ్చు. మరదలితో ఆడచ్చు. వదినని ఏడిపించచ్చు. పెళ్ళిలో వియ్యపురాలిని తిట్టినా అది పాట కిందే లెక్క. మామగారితోనా?"

"ఏడేళ్ళు ఒంటరిగా ఉన్న పిల్లండీ. బావలూ వదినలూ అక్కడెక్కడ దొరుకుతారు? దొరికినవాళ్ళతో ఆడటం నేర్చుకుంది. ముందు దోసె తినండి, చల్లారితే మళ్ళీ నన్నే అంటారు."

కేశవరావు తిన్నాడు గానీ కాంతం మాట నమ్మలేదు. ఇంగ్లీషువాళ్ళ హాస్యం తెలియక కాదు. తెలిసే ఆయనకింత అనుమానం.

ఆయన జీవితమంతా మత్తు డాక్టరు. సర్జన్లు రోగి కడుపు చూస్తుంటే ఈయన రోగి ముఖం చూసేవాడు. బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి, మందు ఎక్కేలోపు ఉన్న ఆ కాస్త సమయంలో మనుషులు ఎందుకో జోకులు వేస్తారు. ఎవరి జోకు వాళ్ళ దేశంలాగే ఉంటుందని ఆయన గమనించాడు. అమెరికావాడు కథలాగా మొదలుపెట్టి, చివరికి తనే గట్టిగా నవ్వి, అర్థమైందా అన్నట్టు చూస్తాడు. మనం నవ్వితేగాని కళ్ళు మూయడు. ఆస్ట్రేలియావాడు డాక్టర్నే తిడతాడు. గనుల్లో పనిచేసే ఒక భారీ మనిషి ఈయన్ని ఎగాదిగా చూసి, "నువ్వు పశువుల డాక్టరువి కాదు కదా?" అని చెయ్యి చాపాడు. వాళ్ళ వైపు తిట్టకపోతేనే కోపం ఉన్నట్టట. కెనడావాడు తనని తానే తిట్టుకుంటాడు. "సారీ డాక్టర్, నా నరాలు ఓ పట్టాన దొరకవు. మా వంశమే అంత, దేనికీ పనికిరాం." మొదట్లో కేశవరావు ఇది విని నవ్వి ఊరుకునేవాడు. నవ్వి ఊరుకున్న ప్రతిసారీ నరం నిజంగానే దొరికేది కాదు. తర్వాత తర్వాత కెనడావాడి నోట సారీ వినగానే సన్నసూది తెప్పించుకునేవాడు.

ఇంగ్లీషువాడి సంగతి వేరు. "నేను లేవకపోతే మా పిల్లికి కబురు చేయండి, సంతోషిస్తుంది," అని పైకప్పు చూస్తూ అంటాడు. నవ్వు ఉండదు. నవ్వమని అడగడు. అది జోకో వీలునామాయో తెలుసుకోవడం మన పని.

ఆ తేడా ఆయనకి యార్క్‌షైర్‌లోనే తెలిసింది. కెనడా రాకముందు అక్కడి ఆసుపత్రిలో మూడేళ్ళు పనిచేశాడు. తోటి డాక్టరు బ్రయన్ ప్రతి శుక్రవారం టీ తాగుతూ ఒకే మాట చెప్పేవాడు. "సోమవారం నన్ను వెతక్కండి. న్యూజిలాండ్‌లో గొర్రెలు కాస్తూ ఉంటాను." అందరూ నవ్వేవారు. ఒక సోమవారం బ్రయన్ రాలేదు. నిజంగానే న్యూజిలాండ్ వెళ్ళిపోయాడు, నిజంగానే గొర్రెలు కొనుక్కున్నాడు. భార్యకి మాట మాత్రం చెప్పలేదు. ఆవిడ ఆసుపత్రికి వచ్చి, "మీ అందరికీ తెలుసా?" అని అడిగింది. ప్రతి శుక్రవారం చెప్పేవాడనీ, జోకనుకున్నామనీ ఎవరూ చెప్పలేకపోయారు. ఇంగ్లీషువాడు నిజం దాచుకోవాలనుకుంటే దాన్ని అందరి ముందూ జోకులా పెడతాడని కేశవరావు ఆ రోజు తీర్మానించుకున్నాడు.

అందుకే, పోయిన నెలలో ఇంటికొచ్చిన స్నేహితుల ముందు హర్షిణి అన్న మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. ఇంటర్వ్యూకి భయంగా ఉందా అని ఎవరో అడిగితే గారెలు వడ్డిస్తూ, "భయమెందుకండీ? పీఆర్ కార్డు చేతికి రావడం ఆలస్యం, ఈయనెవరో నాకు తెలీదు," అంది. అందరూ పడి పడి నవ్వారు. కాంతం అయితే, "పోతే పో గానీ, పోతూ పోతూ ఆ చెత్తబుట్ట రోడ్డు మీద పెట్టిపో," అని మాట కలిపింది. విష్ణు కూడా ఊరుకోలేదు. ఇంట్లో తెలుగు విని ఇంగ్లీషులో జవాబిచ్చే రకం వాడు. "తనని అనకండి. ఏదీ పూర్తిచెయ్యనివాణ్ణి నేను, సారీ. గిటార్ మధ్యలో వదిలేశా, మాస్టర్స్ మధ్యలో వదిలేశా. పెళ్ళి మాత్రం ఇంకా నడుస్తోంది. నాకే ఆశ్చర్యంగా ఉంది," అన్నాడు. ఆ మాటకి అందరికన్నా గట్టిగా నవ్వింది కేశవరావే. కొడుకు వేసే జోకులంటే ఆయనకి మొదటినుంచీ ముద్దు.

శనివారం సరుకుల కోసం బ్రాంప్టన్ వెళ్ళాలి. మామూలుగా అయితే కాంతం వెళ్తుంది. ఆ రోజు కేశవరావు ముందే కోటు తొడుక్కుని కారెక్కి కూర్చున్నాడు. తాడోపేడో తేల్చుకునే తిరిగి రావాలని నిశ్చయం.

మార్చి నెల. రోడ్డు పక్కన మంచు మసిబట్టి గుట్టలుగా ఉంది. చలికాలం మిగిల్చిన గుంతలు రోడ్డు నిండా ఉన్నాయి. గుంత వచ్చినప్పుడల్లా వెనక డిక్కీలో దేనికో ఏదో గుద్దుకున్న చప్పుడు. మొదటి గుంతకి కేశవరావు ఓర్చుకున్నాడు. రెండోదానికి మెడ తిప్పి చూశాడు.

"అదింకా అక్కడే ఉందా?"

"ఉంది మామయ్యగారూ. నేనెక్కడికెళ్తే అక్కడికొస్తుంది."

"దేనికి?"

"తోడుగా." కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. "మీకు చలేస్తుంటే హీటర్ పెంచనా?"

ఇలా మాట దాటేసేవాళ్ళతో ఎలా వేగాలి! కేశవరావు ఇంకో వైపు నుంచి నరుక్కొచ్చాడు.

"గరాజ్‌లో నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నావు ఈ మధ్య."

"అవును. లీడ్స్‌లో నా పాత రూమ్‌మేట్‌తో."

"ఇంట్లో మాట్లాడచ్చు గదా, ఆ చలిలో ఎందుకు?"

"ఆ గరాజ్‌లో నిలబడితే లీడ్స్‌లో ఉన్నట్టే ఉంటుంది. అదే తేమ, అదే కంపు."

ఇంకొకరైతే నవ్వేవారు. కేశవరావు పళ్ళు బిగించి కూర్చున్నాడు. దాచుకోవడానికి ఏమీ లేని మనిషి ప్రతి ప్రశ్ననీ ఇలా వేళాకోళంగా తిప్పికొడుతుందా? ఈమె వెళ్ళిపోతే విష్ణు ఏమైపోతాడు? వాడికి ఒకసారి నిశ్చితార్థం అయ్యి తప్పిపోయింది. ఆ అమ్మాయి వెళ్ళాక ఆరు నెలలు బేస్‌మెంట్‌లోంచి పైకి రాలేదు. అన్నం పళ్ళెం మెట్ల మీద పెట్టి వచ్చేవాళ్ళు. వాడు మళ్ళీ ఆ మెట్లు దిగడం చూసే ఓపిక ఈ వయసులో తనకి లేదు.

బ్రాంప్టన్‌లో ఇండియన్ స్టోర్ కిటకిటలాడుతోంది. గోంగూర తాజాగా ఉందని హర్షిణి రెండు కట్టలు తీసుకుంది, అత్తగారికి ఇష్టమని కరివేపాకు వేరే ఏరుకుంది. నెయ్యి సీసా తిప్పి తేదీ చూసి వెనక్కి పెట్టి, మరొకటి తీసింది. పారిపోయేవాళ్ళు నెయ్యి మీద తేదీ చూస్తారా అని ఒక్క క్షణం కేశవరావుకి అనిపించింది. బ్రయన్ కూడా వెళ్ళే ముందు రోజు తోటకి నీళ్ళు పెట్టాడట. ఆ సంగతి గుర్తొచ్చి మళ్ళీ మనసు గట్టిపడింది.

పార్కింగ్‌లో హర్షిణి డిక్కీ తెరిచింది. సూట్‌కేసు సగం చోటు ఆక్రమించుకుని ఉంది. ఆమె బియ్యం బస్తా తీసుకుని వెనక సీటు వైపు నడిచింది.

"ఆగు," అన్నాడు కేశవరావు. కోపం వస్తే ఆయన నోట ప్రొద్దుటూరు దానంతట అదే వచ్చేస్తుంది. "బియ్యం ఈడ పెట్టాల. దాన్ని తీసి సీట్లో పెట్టు."

"బియ్యమే సీట్లో పెడదాం మామయ్యగారూ, బరువు కదా."

"నేను ఎత్తుతాలే." ఆయన చెయ్యి చాపాడు.

హర్షిణి గబుక్కున వచ్చి సూట్‌కేసు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి గట్టిగా అదిమి పట్టుకోవడం ఆయన చూశాడు. ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ఇంక చాలమ్మా," అన్నాడు. "నేను ముసలివాణ్ణి, నాకు ఈ ఆటలు చేతకావు. పీఆర్ వచ్చినాక వాణ్ణి వదిలేసి పోతావా? ఒక్కమాట చెప్పు. నవ్వులాటగా కాదు, నవ్వకుండా చెప్పు."

"నేను ఎప్పుడూ నవ్వకుండానే చెప్తాను కదండీ."

"అదే నా బాధ!"

పక్కన కారులో సరుకులు సర్దుకుంటున్న పంజాబీ ఆవిడ తిరిగి చూసింది. కేశవరావు గొంతు తగ్గించాడు. తగ్గించి, బ్రయన్ కథ మొత్తం చెప్పాడు. శుక్రవారాలు, టీ, గొర్రెలు, అందరి నవ్వులు, సోమవారం ఖాళీ కుర్చీ. ఎందుకు చెబుతున్నాడో దాచలేదు. "మీ లీడ్స్‌కి దగ్గరే ఆ ఊరు. అక్కడివాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసమ్మా. నిజాన్ని జోకులో చుట్టి అందరి ముందూ పెడతారు. ఎవరూ విప్పి చూడరని ధైర్యం. నువ్వూ అదే చేస్తున్నావు."

తనని నిందించినందుకు ఆమె కోప్పడుతుందని ఆయన అనుకున్నాడు. లేదా, గొర్రెలు నాకు పడవండీ అని ఇంకో విసురు విసురుతుందనుకున్నాడు. హర్షిణి సూట్‌కేసు వైపు చూసింది.

"ఆవిడ ఏం చేసింది మామయ్యగారూ?" అని అడిగింది.

"ఎవరు?"

"ఆయన భార్య. తర్వాత ఆవిడ ఏం చేసింది? అక్కడే ఉందా? వాళ్ళ పుట్టింటికి వెళ్ళిందా? జనం ముందు ఎలా తిరిగింది?"

కేశవరావు ఇన్నేళ్ళలో ఆ కథ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. అందరూ బ్రయన్ గురించే అడిగారు. గొర్రెలు బతికాయా, డబ్బు సంపాదించాడా, తిరిగొచ్చాడా అని. భార్య గురించి అడిగినవాళ్ళు లేరు. పారిపోవాలనుకునే మనిషికి ఈ కథలో బ్రయన్ కనిపించాలి. ఈ పిల్లకి వెనక మిగిలిపోయిన ఆడమనిషి కనిపించింది.

బల్ల మీద పడుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆయనకి గుర్తొచ్చారు. పిల్లికి కబురు చేయమన్న ఇంగ్లీషువాడు చావాలని కోరుకోలేదు. చస్తానేమోనని భయపడ్డాడు, అంతే. ఆ సంగతి మత్తు డాక్టరుగా తనకి తెలుసు. మందు ఎక్కుతుంటే అతని చెయ్యి తన చెయ్యిని పట్టుకుంది కూడా. అన్నీ తెలిసిన కేశవరావు కోడలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క బ్రయన్‌నే గుర్తుపెట్టుకున్నాడు.

"హర్షిణీ," అన్నాడు నెమ్మదిగా. "దేనికి భయపడుతున్నావమ్మా?"

ఆమె కింది పెదవి ఒక్కసారి వణికింది. ఆ ముఖంలో గీత కదలడం ఆయన చూడటం అదే మొదటిసారి.

"ఈ సూట్‌కేసు నాది కాదు మామయ్యగారూ."

"మరి?"

"ఆయనది. బేస్‌మెంట్‌లో, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ వెనక దొరికింది. బట్టలు ఆరేద్దామని వెళ్తే కనిపించింది. పైకొచ్చి అలమర తెరిచి చూశాను. ఆయన స్వెటర్లు లేవు. మంచి బూట్లు లేవు. ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, తెచ్చి కారులో పెట్టేశాను. ఇది నా దగ్గరుంటే ఆయన వెళ్ళలేడు కదా అని. చిన్నపిల్ల చేష్టే. ఇంకేం చెయ్యాలో తోచలేదు."

"వాణ్ణి అడగలేదా?"

"ఎలా అడగను? వెళ్తున్నాను అంటే?" కళ్ళనీళ్ళు జారుతుంటే ఉన్ని చేతితొడుగుతోనే తుడుచుకుంది. "ఆయనా నన్ను అడగలేదు. బేస్‌మెంట్ అంతా వెతికాడు. గరాజ్ వెతికాడు. ఏం వెతుకుతున్నావంటే గిటార్ తీగలన్నాడు. రోజూ పక్కన కూర్చుని అన్నం తింటాం, ఇద్దరికీ తెలుసు, ఇద్దరం మాట్లాడం. లీడ్స్‌లో రూమ్ ఖాళీగా ఉందా అని అడిగాను. ఉందట. ఆ మాట కూడా అడిగి పెట్టుకోవాల్సి వచ్చింది."

కేశవరావు బియ్యం బస్తా మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వారం రోజులుగా ఈ పిల్ల వెనక డిటెక్టివులా తిరిగాడు. ఆమె అన్న ప్రతి మాటా తూచాడు. తన ఇంట్లో, తన బల్ల దగ్గర, తన కొడుకు ఏమన్నాడో మాత్రం ఒక్కసారి కూడా తూచలేదు.

ఏదీ పూర్తిచెయ్యనివాణ్ణి నేను, సారీ.

ఆ సారీ వినగానే సన్నసూది తెప్పించుకోవాల్సింది. ఊరందరికీ తెప్పించాడు. సొంత కొడుకు విషయంలో నవ్వి ఊరుకున్నాడు, అదీ అందరికన్నా గట్టిగా. సిగ్గు ముంచుకొచ్చింది. దానితోపాటు కొడుకు మీద ఎప్పుడూ రానంత కోపం కూడా వచ్చింది.

"గురువారం ఆఫీసరు అడిగితే," అంది హర్షిణి, డిక్కీ మూస్తూ, "ఇది నిజమైన పెళ్ళేనని చెప్పండి మామయ్యగారూ. నావైపు నుంచి అది నిజం. ఆయనవైపు సంగతి ఆయన్నే అడగండి."

"వస్తాను. నీకోసం వస్తాను," అన్నాడు కేశవరావు. "వాణ్ణి ఈరోజే అడుగుతాను."

తిరుగు ప్రయాణంలోనూ గుంత వచ్చినప్పుడల్లా వెనక అదే చప్పుడు. వెళ్ళేటప్పుడు ఆ చప్పుడికి కోడల్ని అనుమానించాడు. ఇప్పుడు ప్రతి చప్పుడికీ విష్ణు ఎప్పుడెప్పుడు ఏ జోకు వేశాడో గుర్తొస్తోంది. నన్ను భరించినందుకు మీకు అవార్డివ్వాలి డాడ్, సారీ. నేను లేకపోతే ఈ ఇంట్లో వైఫై స్పీడు పెరుగుతుంది, సారీ. నవ్విన ఒక్కొక్క మాటా ఇప్పుడు వెనక్కి వచ్చి ఎదురుగా నిలబడుతోంది.

ఇంటి ముందు విష్ణు పారతో గట్టిపడిన మంచు పగలగొడుతున్నాడు. కారు ఆగగానే పార గోడకి ఆనించి పరిగెత్తుకొచ్చాడు. ఆ నవ్వు అదే, ఆ మర్యాద అదే.

"సారీ, నేను కదా వెళ్ళాల్సింది! బరువులు మొయ్యడంలో నేనెంత వీరుణ్ణో తెలుసుగా," అని ఇంగ్లీషులో అంటూ డిక్కీ వైపు నడిచాడు.

"విష్ణూ, వద్దు," అని హర్షిణి సీటు బెల్టు తీసేలోపే డిక్కీ తెరుచుకుంది.

కేశవరావు దిగి వెళ్ళేసరికి విష్ణు సూట్‌కేసునే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తల పైకెత్తి నవ్వాడు. "ఓ, ఇక్కడుందా! చూశారా డాడ్, నాకు పారిపోవడం కూడా సరిగ్గా చేతకాదు," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ కాంతం పకపకా నవ్వింది. ఆవిడకి ఏమీ తెలియదు మరి. "వంశపారంపర్యంరా నాయనా! మీ నాన్నకీ దారి తెలీదు," అంది. తన మాటకి తనే నవ్వబోయి, ఎవరూ నవ్వడం లేదని గమనించి, ఆ నవ్వు సగంలో ఆపేసింది.

"యాడికిరా?" అన్నాడు కేశవరావు.

విష్ణు అటు తిరిగి, కారు దిగి నిలబడ్డ హర్షిణిని చూశాడు. గొంతు బాగా తగ్గించి, "తెరిచావా?" అని అడిగాడు.

"తాళం ఉంది కదా."

విష్ణు ఊపిరి వదిలాడు.

కేశవరావు ఆ ఊపిరి విన్నాడు. బతుకంతా మనుషుల ఊపిరి వింటూ గడిపిన మనిషి. దొరికిపోయినవాడి ఊపిరి ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. ఇది అది కాదు. పెద్ద గండం తప్పినవాడి ఊపిరి ఇది. లోపల ఉన్నవి స్వెటర్లూ బూట్లూ మాత్రమే అయితే, అది ఎవరూ తెరవలేదని తెలిసి మనిషికి అంత నిశ్చింత కలగదు.

ఆయన చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇయ్యి."

విష్ణు ఆ చెయ్యి వైపు చూశాడు. మొహంలోంచి నవ్వు పూర్తిగా పోయింది. మాటలు వచ్చినప్పటినుంచీ ప్రతిదానికీ సారీ చెప్పే కొడుకు, ఇప్పుడు ఆ మాట అనలేదు. ఒక అడుగు వెనక్కి వేసి సూట్‌కేసు మీద చెయ్యి వేశాడు.